కొత్తగూడ అవతల అడివంచు ఊరు, ఇంటికి శాటిలైట్ ఇంటర్నెట్ పెట్టిచ్చుకోవచ్చా?

సిగ్నల్_లేనోడు:
అందరికి నమస్తే, కొంచెం పెద్ద పోస్టు, ఏమనుకోకుండ్రి. మాది మహబూబాబాద్ జిల్లా, కొత్తగూడ దాటినంక లోపలికి ఒక చిన్న ఊరు, పాకాల అడివి అంచుకు ఉంటది (కొత్తగూడెం కాదు, కొత్తగూడ, చెప్పిన ప్రతిసారి అందరు అదే అడుగుతరు). నేను హైదరాబాద్‌ల ఐటీ సపోర్ట్ జాబ్ చేస్త. దసరా అయినంక బాపుకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది, మాట కూడ సరిగ వస్తలేదు, అమ్మ ఒక్కతే చూసుకోలేకపోతుంది, మేనేజర్‌ను బతిలాడి మార్చి దాక ఇంటికాడి నుంచి పని చేసుకుంట అని పర్మిషన్ తెచ్చుకున్న.

ఇప్పుడు కథ ఏందంటే ఇంట్ల ఫోన్ల ఒక్క గీత కూడ రాదు. బంగ్ల మీద వాటర్ ట్యాంకు పక్కకు నిలబడితె రెండు గీతలు వస్తయి, ఆడనే కుర్చీ ఏసుకొని గొడుగు కట్టుకొని హాట్‌స్పాట్ పెట్టి కాల్స్ మాట్లాడుతున్న. ఊరోళ్లు చూసి "ఏంరా మంచె మీద పిట్టలు కొడుతున్నవా" అంటున్నరు. మీటింగ్ నడుమ వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్కుకు కలిపే లైను) ఎన్నిసార్లు తెగుతదో లెక్క లేదు.

హన్మకొండల ఒకాయన స్టార్‌లింక్ (ఎలాన్ మస్క్ కంపెనీ శాటిలైట్ ఇంటర్నెట్) కిట్టు బయటి దేశం నుంచి తెప్పిస్త, మొత్తం 45 వేలు, ముందు 10 వేలు అడ్వాన్స్ కొట్టు, నెల రోజుల్ల ఇంటి మీద పెట్టిపోత అంటున్నడు. నిజంగ దొరుకుతదా? ఇంటి పక్కనే పెద్ద చింత చెట్టు, వెనకాల మామిడి తోట ఉంది, వాటితోని ఏమన్న ఇబ్బందా? కరెంటు సంగతి తెలిసిందే కదా, పోయి పోయి వస్తది. తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

ఓరుగల్లు_వైర్‌లెస్:
తమ్మీ, ముందుగాల ఆ హన్మకొండ ఆయనకు ఒక్క రూపాయి కూడ ఇయ్యకు. మిగిలిన సంగతులు తర్వాత మాట్లాడుకుందాం.

స్టార్‌లింక్‌కు మన టెలికం శాఖ లైసెన్స్ 2025 జూన్‌ల వచ్చింది, జులైల ఇన్‌స్పేస్ (అంతరిక్ష కంపెనీలకు పర్మిషన్ ఇచ్చే సర్కారు సంస్థ) పర్మిషన్ కూడ వచ్చింది. గది పేపర్ల చూసి అందరు వచ్చేసింది అనుకుంటున్నరు. లైసెన్స్ వచ్చుడు వేరు, సర్వీసు మొదలైతుండుడు వేరు. స్పెక్ట్రం (సిగ్నల్ పంపే రేడియో తరంగాల వాటా) రేటు తేలాలె, స్పెక్ట్రం ఇయ్యాలె, కింద శాటిలైట్‌ను ఇంటర్నెట్‌కు కలిపే గేట్‌వే స్టేషన్లు రెడీ కావాలె, సెక్యూరిటీ వాళ్లకు ట్రయల్ చూపియ్యాలె. 2025 డిసెంబర్ నాటికి ఇండ్లకు అమ్ముడు మొదలు కాలేదు. 2021ల గిట్లనే ముందుగాల బుకింగులు తీసుకుంటే గవర్నమెంటు ఆపిచ్చి పైసలు వాపస్ ఇప్పిచ్చింది, యాదికి పెట్టుకో. కిట్టు బయటికెళ్లి తెచ్చినా ఈడ పని చెయ్యదు, మన దేశం మీద బీములు (శాటిలైట్ కిందికి ఇడిసే సిగ్నల్) ఆపి ఉన్నయని 2024 డిసెంబర్‌ల మణిపూర్‌ల ఒక డిష్షు దొరికినప్పుడు మస్కే చెప్పిండు. పైగ లైసెన్స్ లేని వైర్‌లెస్ సామాను ఇంట్ల పెట్టుకుంటే కేసు అయితది, అప్పుడు 45 వేలు కాదు, ఇంకా శానా పోతయి.

చట్టప్రకారం ఇప్పుడు దొరికే శాటిలైట్ అంటే వీశాట్, హ్యూస్ లాంటి కంపెనీలోళ్లు ఇస్రో జీశాట్-11, జీశాట్-29 శాటిలైట్ల మీద 2022 నుంచి బ్రాడ్‌బ్యాండ్ ఇస్తున్నరు. మండలంల బ్యాంకు మీద తెల్ల గొడుగు అంత డిష్షు చూసే ఉంటవు, అసొంటిదే. కాని నీ పనికి అది పనికిరాదు అని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ శాటిలైట్లు 35,786 కిలోమీటర్ల ఎత్తుల ఉంటయి. నువ్వు ఒక బటన్ నొక్కితె అది పైకి పోయి కిందికి రావాలె, జవాబు మళ్ల పైకి పోయి కిందికి రావాలె, నాలుగు కలిపితె లక్షా 43 వేల కిలోమీటర్లు. వెలుతురు అంత స్పీడుతోని పోయినా అర సెకన్ దారిలనే అయిపోతది, మిగిలిన పని కలిస్తే 600 మిల్లీ సెకన్లు. నువ్వు హలో అంటవు, అవతలోడు కూడ అప్పుడే హలో అంటడు, ఇద్దరు ఆగుతరు, ఇద్దరు మళ్ల ఒక్కసారే మొదలువెడతరు. పాత ఐఎస్‌డీ కాల్ లెక్క. వీపీఎన్ ఏసినవంటే ఇంకా నత్త నడక. స్టార్‌లింక్ శాటిలైట్లు ఇంచుమించు 500 కిలోమీటర్ల కాడనే తిరుగుతయి గనుక 30, 40 మిల్లీ సెకన్లతోని అయిపోతది, గందుకే దాని కోసం అందరు ఎదురుచూసుడు.

నీకు బంగ్ల మీద రెండు గీతలు వస్తున్నయి అన్నవు కదా, నీ అసలు ఆస్తి గదే. గీతలు నమ్మకు, ఫోన్ సెట్టింగ్స్‌ల సిమ్ స్టేటస్‌ల సిగ్నల్ నంబర్ ఉంటది, మైనస్ 115 అట్ల ఉంటే చావు బతుకుల మీద ఉన్నట్టు, మైనస్ 95 వస్తే హాయిగ పని చేసుకోవచ్చు. ఊళ్లె ఎవరెవరి కాడ ఏ సిమ్ములు ఉన్నయో అన్ని తీస్కపోయి బంగ్ల మీద నాలుగు దిక్కుల చూసి నంబర్లు ఈడ పెట్టు. తర్వాత చెప్త.

టెక్సస్_ల_వరంగలోడు:
నేను వాడుతున్న కాబట్టి చెప్తున్న. డల్లాస్ నుంచి గంటన్నర దూరంల ఊరవతల ఇల్లు, కేబుల్ రాదు, స్టార్‌లింక్ పెట్టుకొని రెండేండ్లు అయితుంది, నెలకు 120 డాలర్లు. పని మొత్తం దాని మీదనే, వీడియో కాల్స్‌కు ఢోకా లేదు.

చెట్ల సంగతి అడిగినవు కదా, అదే ముఖ్యం అన్నా. డీటీహెచ్ డిష్షు ఒక్క దిక్కుకే చూస్తది, ఆ దిక్కు ఖాళీ ఉంటే చాలు. ఇది అట్ల కాదు, శాటిలైట్లు ఒకటి పోతుంటే ఇంకోటి వస్తుంటది, డిష్షు నెత్తి మీది ఆకాశం మొత్తం చూడాలె. నేను మొదట ఓక్ చెట్టు పక్కకు పెట్టిన, కొమ్మ అడ్డం వచ్చినప్పుడల్ల నాలుగైదు సెకన్లు పోయేది, బ్రౌజింగ్‌కు తెలువదు గని కాల్‌ల మనిషి బొమ్మ లెక్క ఆగిపోతడు. తర్వాత పైపు ఏసి ఇంటి కొప్పు మీదికి ఎక్కిచ్చిన. వాళ్ల యాప్‌ల ఫోన్ కెమెరాతోని ఆకాశం చుట్టు తిప్పితె అడ్డం ఎంత ఉందో చెప్తది, మీ చింత చెట్టు కింద నిలబడి తిప్పితె మొత్తం ఎర్రగనే చూపిస్తది.

కరెంటు కూడ గుంజుతది, మామూలు డిష్షు 75 నుంచి 100 వాట్లు, చిన్నది ఉంటది మినీ అని, అది 25 నుంచి 40. అంటే మీ ఇన్వర్టర్ మీద ఒక ఫ్యాన్ నడిచినట్టు అనుకో. మస్తు వాన వస్తే రెండు మూడు నిమిషాలు పోతది, వానకు డిష్ టీవీ పోయినట్టే.

ఇంకోటి, నన్ను ఇప్పటికే నలుగురు చుట్టాలు అడిగిండ్రు, సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒక కిట్టు సూట్‌కేస్‌ల ఏసుకురా అని. తేను. పట్టుకుంటె ఎయిర్‌పోర్ట్‌ల నేను కూసుంట, మీరు ఊళ్లె కూసుంటరు.

కూకట్‌పల్లి_కోడర్:
ఇంత కష్టం ఎందుకు బ్రో, రెండు నెలలు ఆగితే స్టార్‌లింక్ వచ్చేస్తుంది, జియో, ఎయిర్‌టెల్ రెండూ 2025 మార్చిలోనే వాళ్లతో అగ్రిమెంట్ చేసుకున్నాయి కదా. రేటు కూడా సైట్‌లో వచ్చేసింది, నెలకు 8,600, కిట్ 34 వేలు. నేను స్క్రీన్‌షాట్ కూడా చూశాను.

ఓరుగల్లు_వైర్‌లెస్:
ఆ స్క్రీన్‌షాట్ అందరం చూసినం. 2025 డిసెంబర్‌ల ఒక రోజు సైట్‌ల కనవడ్డది, వెంటనే కంపెనీ వాళ్లే అది టెస్టింగ్ కోసం ఏసిన ఉత్త నంబర్లు, ఇండియా రేటు ఇంకా చెప్పలేదు అన్నరు. రెండు నెలలు అంటున్నవు, రెండు నెలలు అని నేను 2021 నుంచి వింటున్న. వస్తది, రాదు అంటలేను. కాని ఆయన బాపును చూసుకోవాలె, జాబ్ ఇయ్యాల నడవాలె.

పంతులు_ఏటూరునాగారం:
నేను ఇటువైపు బడిలో పనిచేస్తాను. మీ బాధ నాకు బాగా తెలుసు, హాజరు యాప్ కోసం రోజూ పొద్దున గుట్ట మీదికి బండి ఎక్కించేవాడిని. మా దగ్గర ఒక తమాషా ఉంటుంది, మేడారం జాతర వచ్చిందంటే లారీల మీద తాత్కాలిక టవర్లు వచ్చి దిగుతాయి, 2026 జనవరి 28 నుంచి జాతర కదా, ఆ వారం పది రోజులు తాడ్వాయి చుట్టుపక్కల అడవిలో కూడా వీడియోలు పరుగెత్తుతాయి. అమ్మవార్లు వనప్రవేశం చేయగానే టవర్లు కూడా బయల్దేరుతాయి!

నేను చెప్పదల్చుకున్నది కోతుల గురించి. నవ్వకండి. మీరు ఏ డిష్షు పెట్టినా, ఏ యాంటెన్నా పెట్టినా మొదటి గిరాకీ కోతే. మా ఇంటి డీటీహెచ్ డిష్షును ఉయ్యాల చేసి ఊగాయి, కేబుల్‌ను చెరుకుగడలా నమిలాయి. కేబుల్ మొత్తం ఇనుప పైపులోంచి దించండి, ప్లాస్టిక్ పైపు రెండు రోజులు కూడా ఆగదు. కొండెంగ బొమ్మ ఫ్లెక్సీ కొట్టించి కట్టండి, కొన్నాళ్లు భయపడతాయి, తర్వాత దాని మీదనే కూర్చుంటాయి, అప్పుడు ఫ్లెక్సీ జాగా మార్చాలి. పిడుగుల కాలంలో ఎర్తింగ్ తప్పనిసరి, పైపు నుంచి రాగి తీగ భూమిలోకి దించాలి.

సిగ్నల్_లేనోడు:
అందరికి మస్తు థాంక్స్. అడ్వాన్స్ ఇయ్యలే, ఆయనకు ఫోన్ చేసి బిల్లు ఇస్తవా అంటే కట్ చేసిండు.

నంబర్లు చూసిన. నా సిమ్ ఇంట్ల మైనస్ 121, బంగ్ల మీద మైనస్ 113. పక్కింటి కాక సిమ్ వేరే కంపెనీది, అది ట్యాంకు ఎక్కి కొత్తగూడ దిక్కు పట్టుకుంటే మైనస్ 106 వచ్చింది. ఇంకోటి, కొత్తగూడల మా మేనమామ ఇంట్ల ఫైబర్ ఉంది, ఆడికెళ్లి మా ఇల్లు సక్కగ గీత గీస్తె 6 కిలోమీటర్లు, నడుమ అడివి. ఆడికెళ్లి ఏమన్న గుంజుకోవచ్చా? మెడికల్ షాపు పక్కన ఒకాయన సిగ్నల్ బూస్టర్ అని 6 వేలకు అమ్ముతున్నడు, అది తీసుకోవాల్నా?

నర్సంపేట_చెల్క:
మేనమామ ఫైబర్ అన్నవు కదా, నేను గదే చేసిన. ఖానాపూర్ దగ్గర మా అన్న ఇంటి నుంచి మా చెల్క కాడి ఇంటికి 4 కిలోమీటర్లు, 5 గిగాహెర్ట్జ్ రేడియో డబ్బాలు జతగ దొరుకుతయి, ఒకటి ఆడ ఒకటి ఈడ, ఒకదాన్ని ఒకటి చూసుకునేటట్టు పెట్టాలె. ఆ బ్యాండుకు (సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీకి) 2018 నుంచి లైసెన్స్ అక్కర్లేదు. రెండు డబ్బాలు, పైపులు, కేబుల్ అన్ని కలిపి నాకు 15 వేల లోపే అయినయి, 50 ఎంబీపీఎస్ వస్తుంది. ఫైబర్ ప్లాన్ తీసుకున్న కాడ షరతులు చూసుకోవాలె, ఇంటోళ్లు వాడుకునుడు వేరు, ఊరోళ్లకు అమ్ముడు వేరు, అమ్మితె లైసెన్స్ కావాలె.

కాని అసలు తిప్పలు ఏందంటే ఒకదానికి ఒకటి కండ్లకు కనవడాలె. మాకు నడుమ అంత పత్తి చేన్లు, ఒక్క తాటి చెట్టు అడ్డం వచ్చింది, వానకాలంల కమ్మలు తడిసినప్పుడు సగం స్పీడు పోయేది. పైపు నాలుగు ఫీట్లు పెంచినంక సక్కగైంది. మీకు నడుమ అడివి అంటున్నవు, బంగ్ల మీదికెళ్లి అయితే కాదు. మీ ఊళ్లె మిషన్ భగీరథ ట్యాంకు ఉంటది కదా, అది చెట్ల కంటే ఎత్తు ఉంటే దాని మీదికెళ్లి అయితదేమో చూడు. మొన్ననే ఎలక్షన్లు అయినయి, కొత్త సర్పంచ్ జోష్ మీద ఉంటడు, ఇప్పుడే అడుగు.

ఓరుగల్లు_వైర్‌లెస్:
బూస్టర్ వద్దు తమ్మీ. టవర్ సిగ్నల్‌ను పెంచి మళ్ల గాలిల ఇడిసే డబ్బాలు సొంతంగ పెట్టుకునుడు నేరం, అవి చుట్టుపక్కల అందరి సిగ్నల్‌ను ఖరాబ్ చేస్తయి, టవర్ వాళ్లు పట్టుకుంటె ఫైన్ ఏస్తరు. యాంటెన్నా వేరు, బూస్టర్ వేరు, అమ్మేటోళ్లు కావాల్నని రెంటిని కలిపి మాట్లాడుతరు.

నువ్వు చెయ్యాల్సింది, కాక కంపెనీ సిమ్ తీస్కో, బయట పెట్టుకునే 4జీ రౌటర్ దొరుకుతది, యాంటెన్నా రౌటర్ రెండు ఒక్క డబ్బాలనే ఉంటయి, పైపు మీద కట్టి ఒక్క లాన్ కేబుల్ ఇంట్లకు దించుకో, అదే కేబుల్‌ల కరెంటు కూడ పోతది. ఇంట్ల రౌటర్ పెట్టి పైన యాంటెన్నాకు పొడుగు కేబుల్ గుంజితె వచ్చిన సిగ్నల్ కేబుల్‌లనే సగం సచ్చిపోతది, ఆ తప్పు మస్తు మంది చేస్తరు. రౌటర్ సెట్టింగ్స్‌ల బ్యాండు లాక్ చేసే ఆప్షన్ ఉన్నది తీస్కో. 850 మెగాహెర్ట్జ్ బ్యాండు దూరం పోతది, ఆకులల్లకెళ్లి కూడ దూరుతది. 2300 బ్యాండుల స్పీడు ఎక్కువ గని చెట్టు అడ్డం వస్తే ఆగిపోతది. రౌటర్ తనంతట తాను స్పీడు బ్యాండు పట్టుకొని ఊగులాడుతుంటె నువ్వే తక్కువ బ్యాండు మీద కట్టెయ్యాలె.

ఇంకో మాట, పంచాయతీకి ఫైబర్ వచ్చిందా లేదా కూడ అడిగి పెట్టుకో. మన దగ్గర భగీరథ పైపులు ఏసినప్పుడు ఆ కందకంలనే ఫైబర్ గొట్టాలు కూడ ఏసిండ్రు, మీ ఊరికి దగ్గరి దాక వచ్చి ఆగిందేమో తెలువదు కదా.

సిగ్నల్_లేనోడు:
అప్‌డేట్. బయటి రౌటర్ తెచ్చిన, బంగ్ల మీద 10 ఫీట్ల జీఐ పైపు ఏసి కట్టిన, మైనస్ 97 వస్తుంది. 850 మీద లాక్ చేసినంక డౌన్‌లోడ్ 11, అప్‌లోడ్ 4 ఎంబీపీఎస్ వస్తున్నయి. గొప్ప స్పీడు కాదు గని రెండు రోజుల సంది వీపీఎన్ ఒక్కసారి కూడ తెగలేదు, బాపు మంచం పక్కనే కూసుండి పని చేసుకుంటున్న. పంతులు సార్, మీరన్నట్టే మూడో రోజు పొద్దున్నే కోతులు వచ్చి డబ్బాను పడమటి దిక్కు తిప్పిపోయినయి, కొండెంగ ఫ్లెక్సీ నర్సంపేటల ఆర్డర్ ఇచ్చిన.

సర్పంచ్‌ను ట్యాంకు అడిగిన, చూద్దాం అన్నడు. ఫైబర్ సంగతి పంచాయతీ సెక్రటరీని అడగాలె, సోమవారం వస్తడట.

చింత చెట్టు కొమ్మ ఒకటి కొత్తగూడ దిక్కు అడ్డం ఉంది, అది కొట్టిస్తే ఇంకో ఐదారు పాయింట్లు వచ్చేటట్టున్నయి. బాపును అడిగితె మాట రాకున్నా కుడి చెయ్యి ఊపి ఊపి వద్దన్నడు, అది మా తాత పెట్టిన చెట్టు. కొమ్మ జోలికి పోతలేను, పైపే ఇంకో ఐదు ఫీట్లు పెంచుత.

ఓరుగల్లు_వైర్‌లెస్:
15 ఫీట్లు అయితే ఉత్తగ నిలబెట్టకు, మూడు దిక్కుల స్టే వైర్లు గుంజి కట్టు. ఎండకాలం గాలిదుమారం లేస్తే పైపు పోయి పక్కింటి కాక రేకుల మీద పడతది, మళ్ల సిమ్ అడగనీకి మొఖం ఉండది.