సర్ఫేస్‌లను కుట్టి సాలిడ్ చేయాలా, కొత్తగా గీయాలా?

బొబ్బిలి డిజైనర్:
మా కార్ఖానాకు మోటారు ఫ్యాన్ కవరు మౌల్డు పని వచ్చింది. కస్టమర్ ఇచ్చిన ఐజీఈఎస్ ఫైలులో (క్యాడ్ సాఫ్ట్‌వేర్‌ల మధ్య డిజైన్లు మార్చుకునే ఒక ఫార్మాట్) 212 సర్ఫేస్‌లు, అంటే మందం లేని ఉపరితలాలు, విడివిడిగా ఉన్నాయి, కొన్ని అంచుల మధ్య 0.08 మిల్లీమీటర్ల వరకు సందులున్నాయి. టాలరెన్స్‌ను (అనుమతించే సందు హద్దును) 0.1కి పెంచి కుడితే, అంటే అంచులను కలిపితే, సాలిడ్ (అన్ని వైపులా మూసుకున్న నిండు ఆకారం) తయారవుతోంది గాని, 2 మిల్లీమీటర్ల గోడ మందం కోసం షెల్ కమాండ్ (లోపలిని డొల్ల చేసి గోడను మిగిల్చేది) ఇస్తే విఫలమవుతోంది. ఇంత శ్రమ ఎందుకు, సర్ఫేస్‌ల మీదే టూల్‌పాత్ (కట్టర్ నడిచే దారి) వేసేయమని మా యజమాని అంటున్నారు. మీరేమంటారు?

నెల్లిమర్ల మిల్లింగ్:
మీ యజమాని మాటను కొట్టిపారేయలేము. 10 మిల్లీమీటర్ల బాల్‌నోస్ (గుండ్రని కొన ఉన్న) కట్టర్ 0.08 వెడల్పు సందు మీదుగా పోయేటప్పుడు 0.0002 మిల్లీమీటర్ల లోతుకైనా దిగదు; లెక్క కట్టి చూసుకోండి. మూడు అక్షాల మిల్లింగ్‌కు సాలిడే ఉండాలన్న నియమం ఏదీ లేదు. మేము ఏళ్ల తరబడి సర్ఫేస్‌ల మీదే క్యావిటీలు (వస్తువు బయటి వైపును ఇచ్చే మౌల్డు గుంటలు) చెక్కాము.

శ్రీకాకుళం బోధకుడు:
నెల్లిమర్ల వారి లెక్క సరైనదే, అయితే అది క్యావిటీ వైపుకే చెల్లుతుంది. కస్టమర్ పంపినది కవరు పైచర్మం మాత్రమే. కోర్ (వస్తువు లోపలి వైపును ఇచ్చే మౌల్డు భాగం) చెక్కాలంటే లోపలి ఉపరితలం కావాలి, అది మందం ఇస్తే గాని పుట్టదు. ప్లాస్టిక్ బరువు కట్టడానికీ, మౌల్డు దిమ్మ నుంచి వస్తువు ఆకారాన్ని తీసివేయడానికీ మూసుకున్న ఘనపరిమాణం తప్పనిసరి.

ఇక టాలరెన్స్ సంగతి. దాన్ని 0.1కి పెంచినంత మాత్రాన సాధారణంగా సర్ఫేస్‌లు జరిగి ఒకదానికొకటి అంటుకోవు. ఆ రెండు అంచులనూ ఒకటిగా భావించమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పినట్లవుతుంది, సందు ఉన్నచోటే ఉంటుంది. గోడకు పడిన బీటను సున్నంతో కప్పడం వంటి పని ఇది. అంతకంటే సన్నని ముఖాలేవైనా ఉంటే వాటి రెండు అంచులూ కలిసిపోయి, ఆ ముఖం చెడిపోయే ప్రమాదం కూడా ఉంది.

షెల్ విఫలం కావడానికి మరో కారణం ఉండవచ్చు. బయటి మూలల ఫిల్లెట్ (మూలను గుండ్రం చేసే వంపు) వ్యాసార్ధం ఎంత? అది 1.5 అయి, మీరు లోపలికి 2 మిల్లీమీటర్లు జరిపితే వ్యాసార్ధం సున్నా దాటి రుణాత్మకమవుతుంది, ఉపరితలం తనను తానే కోసుకుంటుంది. అప్పుడు కుట్టు ఎంత బాగున్నా ప్రయోజనం ఉండదు. ముందుగా ఆ ఫిల్లెట్లను తొలగించి, పదునైన మూలలతోనే మందం ఇచ్చి, తరువాత లోపల, బయట వేర్వేరుగా ఫిల్లెట్లు వేయండి.

నెల్లిమర్ల మిల్లింగ్:
కోర్ విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను మాస్టారూ, నేను క్యావిటీనే దృష్టిలో పెట్టుకున్నాను. అయితే ఈ మాట విని ఎవరైనా మొత్తం 212 ముఖాలనూ మళ్లీ గీయడానికి పూనుకుంటే మాత్రం వద్దంటాను. కస్టమర్ ఆమోదించిన వంపు మన చేతిలో మారిపోతే, మౌల్డు పూర్తయ్యాక తగవు వస్తుంది. ఆ నష్టం ముందు రెండు రోజుల కుట్టుపని ఏపాటిది?

శ్రీకాకుళం బోధకుడు:
అన్నింటినీ గీయమని నేను అనలేదు. 0.005 దగ్గర కుట్టి, మిగిలిన తెరిచిన అంచులు ఏ ముఖాలవో చూడాలి. సమతలాలు, స్తూపాలు అయితే కొత్తగా గీయడం నిమిషాల పని. స్వేచ్ఛా వంపులున్న ముఖాలను కదపకుండా, వాటి పక్కనున్న చిన్న ముఖాన్ని తీసేసి, చుట్టూ ఉన్న అంచులకు స్పర్శీయంగా (మడత లేకుండా నున్నగా కలిసేలా) పూరించాలి. చివరకు అసలు ఫైలుతో పోల్చి, తేడా ఎంత వచ్చిందో కస్టమర్‌కు రాసి పంపాలి.

బొబ్బిలి డిజైనర్:
ఫిల్లెట్లు 1.5వే, తప్పు అక్కడే ఉంది. 0.005 దగ్గర కుడితే 31 అంచులు మాత్రమే తెరిచి ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం ఒకే బిగింపు చెవి చుట్టూ ఉన్నాయి. ఆ చెవిని కొత్తగా గీస్తున్నాను. అసలు మోడల్ సాలిడ్‌గానే ఉందేమో కనుక్కుని, ఉంటే స్టెప్ ఫైలు (సాలిడ్‌ను సాలిడ్‌గానే అందించగల ఫార్మాట్) పంపమని కస్టమర్‌ను ఈ సాయంత్రమే అడుగుతాను. ఆ మాట మొదటి రోజే అడగవలసింది.