ఫ్రాప్‌లో తిరిగొచ్చిన వెలుగు పక్క సినాప్స్‌దేనా?

శ్రీకాకుళం_ఎమ్మెస్సీ:
అందరికీ నమస్తే. మాకు కాన్ఫోకల్ మైక్రోస్కోప్ లేదు. బయటి ల్యాబ్ ఇచ్చిన ఫ్రాప్ (లేజర్‌తో ఒకచోట వెలుగును చంపి, ఎంత తిరిగొస్తుందో చూసే పద్ధతి) టైమ్‌ల్యాప్స్ ఫైళ్లను ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో కొలుస్తున్నాం. ఎలుక మెదడులోని హిప్పోక్యాంపస్ నాడీకణాల కల్చర్, సినాప్స్‌లో (నాడీకణాలు కలిసే చోటు) ఉండే పీఎస్‌డీ-95 ప్రోటీన్‌కి వెలిగే ప్రోటీన్ జీఎఫ్‌పీ తగిలించారు. ఒక స్పైన్‌ను (నాడీకణం కొమ్మ మీద సినాప్స్ ఉండే చిన్న మొలక) బ్లీచ్ చేస్తే వెలుగు 100 నుంచి 20కి పడి, గంటకి 60కి చేరింది. రికవరీ 60 శాతమేనా? ఆ గంటలో పక్క స్పైన్ 85కి తగ్గింది. ప్రోటీన్ అక్కణ్నుంచే వచ్చిందని రాసెయ్యొచ్చా?

నాగావళి_న్యూరో:
60 కాదు తమ్ముడూ, 50. బ్యాక్‌గ్రౌండ్ తీసేశాక (60−20)ని (100−20)తో భాగించాలి.

పక్కది తగ్గిందంటే ముందు అనుమానించాల్సింది స్కానింగ్ లేజర్‌ని. అదే ఫ్రేమ్‌లో వేరే కొమ్మ మీదున్న స్పైన్లు ఓ పది కొలువు. అవీ 85కి దిగితే అది మామూలు బ్లీచింగే. అప్పుడు 60ని 0.85తో భాగిస్తే 70 దాటుతుంది, రికవరీ 63 శాతం అవుతుంది.

అవి 98 దగ్గరే నిలిచినా తొందరపడకు. బ్లీచ్ చేసిన స్పైన్‌లోని వెలుగు చచ్చిన అణువులు పక్కదానిలోకి వెళ్లి కూర్చున్నా అది మసకబారుతుంది. మొత్తం ప్రోటీన్ తగ్గకుండానే! సినాప్స్‌ల మధ్య నడిచేది చేబదులు లాంటిది, ఇచ్చినవాడూ పుచ్చుకుంటూనే ఉంటాడు. ఎంత వెలుగు తిరిగొచ్చిందో ఫ్రాప్ చెబుతుంది గానీ ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పదు.

శ్రీకాకుళం_ఎమ్మెస్సీ:
అయితే ఈ ఫైళ్లతో ఏటీ తేలదంటారా సార్?

విజయనగరం_మేడమ్:
మార్పిడి వేగం తేలుతుంది బాబూ. ఎక్కణ్నుంచో తేలాలంటే ఫోటోయాక్టివేషన్ కావాలి. పీఎస్‌డీ-95కి పీఏ-జీఎఫ్‌పీ తగిలిస్తారు. అది వెలిగించేదాకా కనపడదు కాబట్టి కొమ్మను గుర్తుపట్టడానికి ఎర్ర రంగు ప్రోటీన్ కూడా పెట్టాలి. ఒక్క స్పైన్‌ను 405 నానోమీటర్లతో వెలిగించి, 488తో తక్కువ పవర్‌లో చూస్తూ పోతే పక్క స్పైన్లలోకి వెలుగు పాకడం నేరుగా కనబడుతుంది. 2006లోనే బతికున్న చిట్టెలుక కార్టెక్స్‌లో పీఎస్‌డీ-95 ఇలా పక్క స్పైన్లకు చేరడం చూశారు.

దగ్గరివాటి మధ్యే ఎక్కువ ఎందుకంటే లెక్క చూడు. పొర మీద జారే ఆంపా రిసెప్టర్‌కి (సినాప్స్‌లో సంకేతం అందుకునే ప్రోటీన్) డిఫ్యూజన్ గుణకం సెకనుకు 0.1 చదరపు మైక్రాన్లు అనుకుందాం. దూరం వర్గాన్ని గుణకానికి రెట్టింపుతో భాగిస్తే, 2 మైక్రాన్లకు 20 సెకన్లు. 200 మైక్రాన్ల అవతలున్న కణదేహం నుంచైతే రెండు రోజులు పైనే. అందుకే దూరప్రయాణానికి మోటార్ ప్రోటీన్లు కావాలి.

నాగావళి_న్యూరో:
మేడమ్ చెప్పినదానికి ఒక జాగ్రత్త. 405 కిరణం శంకువులా పరుచుకుంటుంది, కిందా పైనా ఉన్న కొమ్మలు కూడా వెలుగుతాయి. వెలిగించిన వెంటనే తీసిన మొదటి ఫ్రేమ్‌లోనే పక్క స్పైన్ వెలిగి ఉంటే అది వలస కాదు, గురి తప్పడం. ఆ స్పైన్‌ని వదిలేయాలి. 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో స్థిరపరిచిన కణాల మీద ఇదే పని చేయించండి. అక్కడా పక్కది వెలుగుతుంటే సెట్టింగులు మార్చాల్సిందే.

ఇంకోటి, ఫోకస్. గంట రికార్డింగులో ఏసీ గాలి స్టేజ్‌కి తగిలితే జెడ్ (ఫోకస్ ఎత్తు) జరిగిపోతుంది, వెలుగు తగ్గినట్టే కనబడుతుంది. ఒక్క ప్లేన్ చాలదు, స్టాక్ (వేర్వేరు ఎత్తుల్లో తీసిన బొమ్మల దొంతర) తీసిన ఫైళ్లు ఉన్నాయేమో అడుగు.