డోపమిన్ విషయంలో 'పునశ్శోషణ' అనాలా, 'పునర్గ్రహణం' అనాలా?

నాడీకణాలు ఒకదానికొకటి సందేశం పంపడానికి విడిచే రసాయనం డోపమిన్. విడిచినదానిని కణం తిరిగి తీసుకోవడాన్ని తెలిపే 'రీఅప్‌టేక్' అన్న ఆంగ్లపదానికి మిత్రులు సూచించిన 'పునశ్శోషణ' నాకు సమ్మతంగా లేదు. శోషణ అన్నది ఇంకడానికీ పీల్చుకోవడానికీ చెల్లే మాట. పేగు గోడ పోషకాలను తీసుకునే తీరుకు అది చక్కగా సరిపోతుంది. నాడీకణం చేసే పని వేరు. రెండు కణాల నడుమ సందులోకి విడుదలైన డోపమిన్ అణువును, దానిని విడిచిన కణపు పొరలోనే ఉన్న రవాణా ప్రోటీన్ ఒకటి పట్టుకొని, రెండు సోడియం అయాన్లతోనూ ఒక క్లోరైడ్ అయాన్‌తోనూ కలిపి లోపలికి చేరవేస్తుంది. పట్టి తీసుకోవడమే కనుక 'పునర్గ్రహణం' మేలు.

అయితే పని అంతటితో ముగియదు. లోపలికి వచ్చిన డోపమిన్‌ను వీమ్యాట్-2 అనే మరో ప్రోటీన్ చిన్న సంచులలోకి ఎక్కించినప్పుడే అది మళ్లీ విడుదలకు సిద్ధమవుతుంది. సంచిలోకి చేరనిదానిని మోనోఅమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము విచ్ఛిన్నం చేస్తుంది. మన సర్పగంధ వేరులోని రిసర్పిన్ అనే మందు అడ్డుకునేది సంచులలోకి ఎక్కించే ఈ రెండవ మెట్టును. 1950లలో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ రిసర్పిన్ ఇచ్చిన కుందేళ్లు కదలిక మాని పడి ఉండగా, శరీరం డోపమిన్‌గా మార్చుకునే ఎల్-డోపా ఇచ్చిన తరువాత తేరుకున్నాయి. కాబట్టి రిసర్పిన్‌ను 'పునర్గ్రహణ నిరోధకం' అనరాదు. 'నిల్వ నిరోధకం' అంటే అర్థం సూటిగా అందుతుంది.

కొకైన్‌కూ, ఏకాగ్రత లోపానికి వాడే మందు మిథైల్‌ఫెనిడేట్‌కూ మాత్రం 'పునర్గ్రహణ నిరోధకం' అన్న పేరు తగినదే, ఎందుకంటే అవి పొరలోని రవాణా ప్రోటీన్‌ను అడ్డగించి డోపమిన్‌ను సందులోనే నిలిపివేస్తాయి. ఉత్తేజక మందు ఆంఫెటమిన్‌ను వాటి సరసన చేర్చడం నాకు నచ్చదు. అది అదే ప్రోటీన్ గుండా లోపలికి దూరి, సంచులలోని డోపమిన్‌ను వెలికి తెచ్చి, ఆ ప్రోటీన్‌ను ఎదురు దిశలో పనిచేయిస్తుంది. దానికి 'విమోచకం' అన్న పేరు నప్పుతుంది.

ఒక మిత్రుని జవాబు: 'పునర్గ్రహణం' నాకూ సమ్మతమే, కానీ 'పునః' అన్న ఉపపదం అన్నిచోట్లా నిలవదు. మెదడు ముందు భాగపు వల్కలంలో (పై పొరలో) డోపమిన్ రవాణా ప్రోటీన్ చాలా తక్కువగా ఉండటం వల్ల, అక్కడ విడుదలైన డోపమిన్‌లో కొంతభాగాన్ని పక్కనున్న, నారడ్రినలిన్ అనే మరో సందేశ రసాయనాన్ని విడిచే కణాలు తమ సొంత రవాణా ప్రోటీన్‌తో తీసుకుంటాయి. తాను విడవనిదానిని తీసుకున్న కణం 'తిరిగి' తీసుకుందని ఎలా అంటాము? ఆ సందర్భంలో ఉత్త 'గ్రహణం' అంటే చాలు, సూర్యచంద్రుల గ్రహణమని ఎవరూ పొరబడరు. నారడ్రినలిన్ రవాణాను అడ్డగించే ఆటమాక్సెటిన్ అనే మందు ఆ భాగంలో డోపమిన్‌ను కూడా పెంచడానికి కారణం ఇదే.