అమ్మ అమెరికా ప్రయాణానికి ఏ విమానం సుఖం: బోయింగ్ 777? బోయింగ్ 787? ఎయిర్‌బస్ ఏ350?

శీను_డాలస్: పురిటికి సాయంగా అమ్మని పిలుస్తున్నాం. తనకి 68, మోకాళ్ల నొప్పులు. హైదరాబాద్ నుంచి డాలస్‌కి, మధ్యలో ఒకచోట మారాలి. 777లో వచ్చే టికెట్ కంటే 787ది పన్నెండు వేలు ఎక్కువ. ఏది తీసుకోమంటారు?

గాలిమర: కళ్లు మూసుకుని 787 తీసుకోండి. 777 లాంటి పాత విమానాల్లో లోపలి గాలి 8,000 అడుగుల కొండమీద ఉన్నంత పలచబడొచ్చు. 787లో 6,000 అడుగులు దాటదు. బాడీ కార్బన్ ఫైబర్ కాబట్టి తుప్పు భయం లేదు, తేమ కూడా కాస్త ఎక్కువ ఉంచగలరు. గొంతు ఎండిపోవడం తగ్గుతుంది.

కొలతబద్ద: గొంతు సరే, నడుం మాటేమిటి? 787లో వరుసకి 8 సీట్లయితే హాయి. జపాన్ ఎయిర్‌లైన్స్ విదేశీ సర్వీసుల్లో ఇప్పటికీ అలాగే నడుపుతోంది. మిగతావాళ్లు దాదాపు అందరూ 9 ఇరికించారు, సీటు 17 అంగుళాలకు వచ్చింది. ఏ350లో 9 పెట్టినా 18 ఉంటుంది. అందులోనూ 6,000 అడుగులే.

రాణి_కాకినాడ: రెండంతస్తుల ఎయిర్‌బస్ ఏ380ని మించింది లేదు. చప్పుడే ఉండదు.

గాలిమర: దాని తయారీ 2021లోనే ఆపేశారండీ. కొలతబద్దగారూ, ఒక్క అంగుళానికి ఇంత రాద్ధాంతమా?

కొలతబద్ద: ఒక్క అంగుళమా! నిరుడు వరుసకి పది సీట్లున్న విమానంలో 15 గంటలు కూర్చున్నాను. పక్కాయన మోచెయ్యి నా డొక్కలోనే. అన్నం మీది రేకు తియ్యాలంటే రెండు చేతులూ గుండెకి ఆనించుకోవాల్సి వచ్చింది.

గాలిమర: మా నాన్నకి ఊపిరితిత్తుల జబ్బు. పాత విమానంలో ఆయన పడ్డ ఆయాసం పక్కనే కూర్చుని చూశాను. నాకు అంగుళాలు చెప్పకండి.

వసంత: ఇద్దరూ ఆగండి. శీనుగారూ, అమ్మగారికి ఏ సీటు?

శీను_డాలస్: మధ్య సీటు వచ్చేలా ఉంది. కావాల్సింది ఎంచుకోవాలంటే విడిగా కట్టాలి.

వసంత: మోకాళ్ల నొప్పుల మనిషికి మధ్య సీటా? పక్కవాళ్లని లేపడానికి మొహమాటపడి మా అత్తగారు దారంతా నీళ్లు ముట్టలేదు. దిగేసరికి పాదాలు వాచి చెప్పులు పట్టలేదు.

కొలతబద్ద: అయితే ఇది విమానం గొడవ కాదు, కొడుకు డబ్బు గొడవ.

శీను_డాలస్: నేనేం పీనాసిని కాదు. చదువు అప్పు ఇంకా తీరుస్తున్నాను.

గాలిమర: పురిటికి సాయం కావాలని ఆవిణ్ణి పిలిచేది మీరే కదా? ఆవిడ కాళ్ల దగ్గర లెక్కలు చూస్తే ఎలా?

శీను_డాలస్: ఇప్పుడే అమ్మకి ఫోన్ చేశాను. కిందటిసారి వచ్చినప్పుడు తనూ నీళ్లు తాగలేదట. నాకు చెప్పనే లేదు. 787, నడవ పక్క సీటు, వీల్‌చైర్. బుక్ చేశాను.