‘కల్లంతై’లోని ‘అల్ల’ ఎటు చూపిస్తున్నది?

హన్మకొండ వాసి:
భాషాభిమానులందరికీ నమస్కారం. పది రోజులుగా ఒక పద్యపాదం నన్ను వదలడం లేదు. ఇంజనీరింగు చదువుతున్న మా మేనల్లుడు సెలవులకు వచ్చి, తాను చదువుతున్న ‘మిస్ట్‌బోర్న్’ నవలల గురించి రోజూ ఏదో ఒకటి చెబుతున్నాడు. ఆ కథల్లో టెరిస్ జాతివారు తమ బరువును ఇనుములో దాచుకుంటారట. దాచుకుంటున్నంతసేపూ తేలికగా ఉండి, అవసరం వచ్చినప్పుడు ఆ బరువును తిరిగి తీసుకుంటారట. అట్లా దాచుకునేది బరువా, ద్రవ్యరాశియా అన్నది అభిమానుల మధ్య ఇప్పటికీ తెగని వాదమట. మొన్న భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తుండగా, “మన కథల్లో పెరిగేవాళ్లు ఏ లెక్కన పెరుగుతారు మామయ్యా?” అని అడిగాడు. లెక్క ఎందుకు లేదని, పోతన భాగవతంలో బలి ఎదుట వామనుడు పెరిగే ‘ఇంతింతై’ పద్యం ఎత్తుకున్నాను గాని, రెండో పాదంలో నా నాలుక “తోయదమండలమ్మునకు నల్లంతై” అన్నది. చిన్నప్పుడు దాన్ని ‘నల్ల’ అనే అనుకునేవాణ్ణి; మబ్బుల దాకా పోయేసరికి వటుడు మబ్బులాగే నల్లబడ్డాడని నా ఊహ. ఇంటికి వచ్చి చూస్తే పుస్తకంలో “తోయదమండలాగ్రమున కల్లంతై” అని ఉన్నది.

పాఠం సంగతి తేలిపోయింది. తేలనిది అర్థం. మా బడిలో తెలుగు సారు ఈ పద్యం చదివేటప్పుడు మోకాలి ఎత్తున చెయ్యి పెట్టి, ‘ఇంత’ వచ్చినప్పుడల్లా దాన్ని కొంచెం పైకి జరిపేవారు. ‘అల్లంతై’ దగ్గరకు రాగానే మాత్రం ఆ చెయ్యి పైకి పోకుండా కిటికీ వైపు, బయటికి చాపబడేది. ‘అల్లంత’ ఇక్కడ పరిమాణాన్ని చెబుతున్నదా, దూరాన్ని చెబుతున్నదా?

ఛందోభిమాని:
మీ నాలుక చేసింది పెద్ద తప్పేమీ కాదు. ‘మండలమ్మునకు నల్లంతై’ అన్నా శార్దూలానికి గణాలు సరిపోతాయి, యతీ చెడదు; కాబట్టి ఛందస్సు మిమ్మల్ని పట్టివ్వలేదు. అయితే ‘అల్ల’ విషయంలో ఛందస్సే సాక్ష్యం చెబుతున్నది. ఈ పాదం ‘నంతై’తో, అంటే ‘పైన్ + అంతై’లోని అకారంతో మొదలవుతుంది. శార్దూలంలో పాదం మొదటి అక్షరానికి యతిమైత్రి కుదరవలసిన పదమూడో అక్షరం ‘ల్లం’. నకారానికి లకారంతో మైత్రి లేదు కాబట్టి యతి చెల్లాలంటే ‘అల్ల + అంతై’ అని విరిచి, రెండో ముక్కలోని అకారాన్ని లెక్కలోకి తీసుకోక తప్పదు. నాలుగో పాదంలోనూ ఇదే పద్ధతి: ‘బ్రహ్మ + అండ’ అని విరిస్తే ‘హ్మాం’లో అకారం దొరుకుతుంది. అందువల్ల పోతనగారి చెవికి ‘అల్లంత’ ఒకే ముద్దగా కాక రెండు మాటలుగా వినిపించిందని నా అభిప్రాయం. ‘అంత’ అనేది పరిమాణం, ‘అల్ల’ దాన్ని చూపించే వేలు. దూరం అన్న అర్థం మనం ‘అల్లంత దూరాన’ అని వాడి వాడి దానికి అంటించినదే.

జనగామ పాఠకురాలు:
యతి అతుకు ఎక్కడున్నదో చెబుతుంది గాని, అతుకుపెట్టిన తరువాత ఆ మాటకు ఏ అర్థం వచ్చిందో చెప్పదు కదండీ. బమ్మెరకు దగ్గరివాళ్లం కాబట్టి పోతన మీద మాకు కొంచెం చనువు ఎక్కువ (పోతనది ఒంటిమిట్ట అనేవారు దయచేసి ఇప్పుడే లేవవద్దు, ఆ చర్చ ఇదివరకు మూడుసార్లు జరిగింది). మా ఊళ్లో ‘అల్లంత’ అన్నప్పుడు ఎవరూ కొలత చెప్పరు. గడ్డం ఎత్తి చూపు సారిస్తారు. కొలత చెప్పాలనుకుంటే ‘గింత’, ‘గంత’ అంటారు. పద్యాన్ని ఆ చెవితో వినండి. మొదటి పాదంలో నాలుగు ‘ఇంత’లు ఉన్నాయి, అవన్నీ బలి ఎదుట, చేతికి అందే దూరంలో జరిగిన పెరుగుదలను చెబుతాయి. నభోవీధి రాగానే ‘ఇంత’ పోయి ‘అంత’ వచ్చింది. మబ్బుకొస దగ్గర ‘అల్లంత’ అయింది. అంటే పోతన వటుణ్ణి కొలవడం లేదు. కింద నిలబడి చూసేవాడి మెడ ఎంత వెనక్కి వాలిందో చెబుతున్నాడు. దీని సంస్కృత మూలంలో ‘అవర్ధతాద్భుతం’ అన్న మాట ఉన్నది గాని ఈ మెట్లు లేవు. ‘ఇంత’ నుంచి ‘అల్లంత’ దాకా వేసిన నిచ్చెన తెలుగు భాషలోని ఇ, అ తేడాతోనే కట్టినది.

కరీంనగర్ విశ్రాంత ఉపాధ్యాయుడు:
అమ్మా, మీ వివరణ అందంగా ఉన్నది గాని ఒక్క చిక్కు మిగిలింది. చూపే ప్రధానమైతే, మబ్బు కంటే ఎన్నో రెట్లు పైన ఉన్న ధ్రువుడి దగ్గర ‘అల్లంత’ రావాలి, మబ్బు దగ్గర ఒట్టి ‘అంత’ సరిపోవాలి. ఇక్కడ తలకిందులైంది. నన్ను అడిగితే అసలు చిక్కు ‘అల్ల’లో లేదు, దాని ముందున్న ‘కు’లో ఉన్నది. పద్యంలో ‘పై’ నాలుగుసార్లు వచ్చింది: నభోవీధిపై, ప్రభారాశిపై, ధ్రువునిపై, మహర్వాటిపై. ‘కు’ రెండుసార్లే వచ్చింది: తోయదమండలాగ్రమునకు, చంద్రునికి. ఆకాశమూ, సూర్యుడూ, ధ్రువుడూ, మహర్లోకమూ పెరగవు, తరగవు. వాటిని దాటితే దాటినట్టే. మబ్బు చెదురుతుంది, చంద్రుడు క్షీణిస్తాడు. తానే నిలకడగా లేని వస్తువుకు ‘పైన’ ఉన్నామని ఎట్లా చెప్పగలం? అందుకే ఆ రెండింటికీ ‘కు’ పెట్టి, వాటితో సరితూగాడని మాత్రమే కవి చెప్పాడు. ముప్పై ఏళ్లు ఈ పాఠం చెప్పాను గాని ఈ విషయం ఉద్యోగ విరమణ తరువాతనే తట్టింది.

ఛందోభిమాని:
గురువుగారూ, మీ ఊహకు నమస్కారం. కాని ‘చంద్రునిపై నంతై’ అని ఆ చోట పెట్టి చూడండి: ‘ద్రునిపై’ సగణానికి సరిపోతుంది, ఆ తరువాత జగణం, అంటే లఘువు, గురువు, లఘువు, రావలసిన చోట ‘నంతై’ రెండు గురువులై అడ్డం పడుతుంది. ‘మండలాగ్రముపై’ అన్నా అంతే, గణం నడవదు. ‘కు’ అక్కడికి తత్త్వం కోసం కాక గణం కోసం వచ్చి ఉంటుంది.

కరీంనగర్ విశ్రాంత ఉపాధ్యాయుడు:
గణం కోసం విభక్తి మార్చుకునే కవి అయితే పోతన ఎందుకవుతాడు? ఆయన కావాలనుకుంటే పాదమంతా ఇంకో రకంగా నడిపి ఉండేవాడు.

మేనల్లుడు:
అందరికీ నమస్కారం. ఈ చర్చకు కారణమైనవాణ్ణి నేనే. ఇంట్లో మామయ్య చదివి వినిపిస్తుంటే వినలేక నేనే చేరాను. తప్పుగా మాట్లాడితే మన్నించండి.

నా సందేహం మీరు అనుకున్నదాని కంటే కొంచెం వేరు. ‘మిస్ట్‌బోర్న్’ రచయిత శాండర్సన్ 2007లో రాసిన ఒక వ్యాసంలో ఒక సూత్రం చెప్పాడు. మాయతో కథలోని చిక్కును విప్పే హక్కు రచయితకు ఎంత ఉంటుందంటే, ఆ మాయ ఎట్లా పనిచేస్తుందో పాఠకుడికి ఎంత అర్థమైతే అంతే అన్నది దాని సారాంశం. ఆ లెక్కన వామనుడి పెరుగుదల నియమం లేని మాయ అనుకున్నాను, ఎందుకంటే చూడబోతే దానికి హద్దు లేదు, ఖర్చూ లేదు. కాని మామయ్య ముందు పద్యాలు కూడా చదివించారు. ‘గొడుగో జన్నిదమో’ పద్యం చివర వటుడు తానడిగే మూడడుగుల గురించి ‘బ్రహ్మాండంబు నా పాలికిన్’ అంటాడు. పెరిగే పద్యం ‘బ్రహ్మాండాంత సంవర్ధియై’ అని ఆగుతుంది. అంటే ఎంతవరకు పెరుగుతాడో పెరగకముందే నోటితో చెప్పాడు, దాత వినికూడా ఒప్పుకున్నాడు, నీరు ధార పోశాడు. మాట హద్దు, ధార అనుమతి. ధార పడకముందు ఆయన అంగుళమైనా పెరగలేదు. శుక్రాచార్యులు కలశ రంధ్రానికి అడ్డుపడ్డది కూడా ఈ నియమం తెలిసినవాడు గనుకనే. నాకు ఇది ఇనుములో బరువు దాచడం కంటే గట్టి నియమంగా కనబడుతున్నది.

జనగామ పాఠకురాలు:
బాబూ, నువ్వు చేరడం చాలా మంచిదైంది. అయితే మీ ఇనుము ముచ్చటకు మన దగ్గర ఎప్పటినుంచో పేర్లున్నాయి. బరువు తగ్గడం లఘిమ, బరువెక్కడం గరిమ, ఆకారం పెరగడం మహిమ. అష్టసిద్ధుల్లో ఇవి మూడూ వేరువేరుగా లెక్కించబడ్డాయంటేనే, పెరగడమూ బరువెక్కడమూ ఒకటి కాదని పాతవాళ్లు గుర్తించినట్టు. మీ అభిమానుల వాదం గరిమ దగ్గర ఉంటే, ఈ పద్యం మహిమ దగ్గర ఉన్నది. ఇందులో బరువు ఊసే లేదు. విచిత్రమేమంటే, కొలతకు సంబంధించిన ఈ ‘మహిమ’ అన్న మాటనే మనం ఇప్పుడు ఏ అద్భుతానికైనా వాడుతున్నాము. కథలోని మాయకు ఉండే నియమాలను చెప్పే ‘మ్యాజిక్ సిస్టమ్’ అన్న మాటకు తెలుగు వెతికేవారు ‘మాంత్రిక వ్యవస్థ’ అని ముక్కు తిప్పి రాయడం కంటే ‘మహిమల కట్టడి’ అంటే ఎట్లా ఉంటుందో ఆలోచించండి.

కరీంనగర్ విశ్రాంత ఉపాధ్యాయుడు:
‘బ్రహ్మాండంబు నా పాలికిన్’ అన్నచోట ఆ మాటకు ‘అదే నాకు గొప్ప’ అనే అర్థం. నేటికీ భోజనం బ్రహ్మాండంగా ఉందంటాము గాని లోకాలను మింగామని కాదు కదా. శ్లేష ఉన్నదని నేనూ ఒప్పుకుంటాను, కాని దాన్ని ఒప్పందపత్రంగా చదవడం కొంచెం అతి. లెక్కగా పెరగడం కావాలంటే వాల్మీకి సుందరకాండ చూడు నాయనా. సురస నోరు ఇరవై యోజనాలు తెరిస్తే హనుమ ముప్పై, ఆమె నలభై అంటే ఆయన యాభై, అట్లా ఆమె నూరు యోజనాలు తెరిచేదాకా పోయి, చటుక్కున బొటనవేలంత అయిపోతాడు. వాల్మీకి అంకెలు చెప్పాడు. పోతన ఒక్క అంకె కూడా చెప్పలేదు.

ఛందోభిమాని:
అంకె చెప్పకపోయినా వరుస తప్పలేదు. సూర్యుడు దాటాక చంద్రుడు రావడం చూసి తప్పనుకునేవారుంటారు గాని, పురాణ లెక్కలో చంద్రుడు సూర్యకిరణాలకు లక్ష యోజనాల పైన ఉంటాడు; భాగవతం పంచమ స్కంధంలోనే ఉన్నది. పోతన తాను పంచమ స్కంధంలో తెనిగించిన లోకాల కొలతనే ఇక్కడ…

జనగామ పాఠకురాలు:
మధ్యలో అడ్డు వస్తున్నందుకు క్షమించండి. తెలుగు భాగవతంలో పంచమ స్కంధం పోతనది కాదు, గంగనది.

ఛందోభిమాని:
నిజమే. తొందరలో రాశాను. సంస్కృత పంచమ స్కంధం అని చదువుకోండి. వరుస గురించి నేను చెప్పిన మాట మాత్రం నిలుస్తుంది.

వరంగల్ కోట పాఠకుడు:
ఇన్ని రోజులుగా మౌనంగా చదువుతున్నాను. ‘అల్ల’ గురించి ఇంత దూరం వచ్చి, ‘అల వైకుంఠపురంబులో’ని ‘అల’ను ఎవరూ తలచుకోకపోవడం ఆశ్చర్యంగా ఉన్నది. అక్కడి ‘అల’ కొలత కాదు. అందరూ ఎరిగిన, అందనంత దూరంలో ఉన్న ఆ ఊరు అని చూపించే మాట. ‘అల్ల’ దాని తోబుట్టువే అయితే మేడమ్‌గారి పక్షం గెలిచినట్టే. అన్నట్టు అదే పద్యంలో ‘ఆ మూల సౌధంబు’ అన్నచోట, మూలన ఉన్న మేడా, మూలమైన మేడా అన్న విషయం…

కరీంనగర్ విశ్రాంత ఉపాధ్యాయుడు:
అది ఇక్కడ మొదలుపెడితే దసరాకు కూడా తేలదు. వేరుగా పెట్టండి, నేను తప్పకుండా వస్తాను. నాకు దాని మీద ఒక సిద్ధాంతం ఉన్నది.

మేనల్లుడు:
ఇంకొక్క మాట అడగవచ్చునా? ఇటువంటి నవలల్లో మనిషి పెరిగితే ఒంటిమీది బట్టలు కూడా పెరుగుతాయా అన్నది అభిమానులు తప్పకుండా అడిగే ప్రశ్న. వామనుడి చేతిలో గొడుగు ఉన్నది కదా. ఆయన పెరిగినప్పుడు గొడుగు ఏమైంది? తరువాతి పద్యం ‘రవిబింబం బుపమింప’లో సూర్యుడు మొదట గొడుగయ్యాడు, ఆ తరువాత శిరోరత్నం, చెవి పోగు, కంఠాభరణం, అట్లా దిగుతూ కాలి అందె, చివరికి పాదపీఠం అయ్యాడు. మొదట గొడుగే కావడం ఊరికే జరిగిందా? పాత గొడుగు చాలకుండా పోయినచోట కవి సూర్యుణ్ణి పెట్టాడని నాకు అనిపిస్తున్నది. అంతేకాదు, మొదటి పద్యంలో వటుడు వస్తువులను దాటుకుంటూ పోతాడు. రెండో పద్యంలో సూర్యుడు ఉన్నచోటనే ఉండి కొలబద్ద అవుతాడు. ఒకే పెరుగుదలను రెండు కొలతలతో చూపించాడు.

ఛందోభిమాని:
గొడుగు సంగతి నాకు ఎన్నడూ తట్టలేదు. అయితే పైనుంచి కిందికి వచ్చే వరుసలో తల మీదిది ముందు రావడం సహజమే కదా అని ఎవరైనా అంటే, నా దగ్గర జవాబు లేదు.

జనగామ పాఠకురాలు:
హన్మకొండ వాసి గారూ, మొదలుపెట్టి మీరు ఎటో వెళ్లిపోయారు. మీ సారు చెయ్యి ‘అల్లంతై’ దగ్గర కిటికీ వైపు పోయిందన్నారు. గురువుగారి ‘కు’ సిద్ధాంతం నిజమైతే, ‘చంద్రుని కంతయై’ దగ్గర కూడా అదే చేసి ఉండాలి. చేశారా?

హన్మకొండ వాసి:
ఆ మాటే రెండు రోజులుగా గుర్తు చేసుకుంటున్నాను. చంద్రుడి దగ్గర చెయ్యి ఎటుపోయిందో చెప్పలేను, ఎందుకంటే ‘ప్రభారాశిపై’ అనేసరికి ఆయన కుర్చీ ఎక్కేవారు, అక్కడినుంచి మేము చూసింది ఆయన పాదాలనే. నాతో చదువుకున్న ఒకాయన హుజూరాబాద్‌లో ఉన్నాడు. ఆయన వెనుక బల్ల మీద కూర్చునేవాడు కాబట్టి చూసి ఉండవచ్చు. అడిగి రాస్తాను.