నలభై దాటాక వయొలిన్: రోజుకి ఎంతసేపు సాధన చేయాలి?

కొత్తబో:
నాకు 43 ఏళ్లు. వయొలిన్ మొదలుపెట్టి ఏడాది దాటింది. తొలి పాఠాలైన సరళీ స్వరాలు, జంట స్వరాలు అయ్యాయి, ఇప్పుడు వాటి తర్వాత వచ్చే అలంకారాల్లో ఉన్నాను. రోజుకి గంట సాధన చెయ్యమని గురువుగారు మొదట్లోనే చెప్పారు. ఆఫీసు, పిల్లల చదువులు అయ్యేసరికి రాత్రి తొమ్మిదిన్నర. అప్పుడు బో (వయొలిన్ కమాను) పట్టుకుంటే ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. అందుకని వారమంతా వదిలేసి ఆదివారం ఒకేసారి మూడు గంటలు కూర్చుంటున్నాను. చివరికి వచ్చేసరికి చక్కగా పలుకుతుంది. తీరా బుధవారం క్లాసులో చూస్తే మళ్లీ మొదటికే.

ఏదైనా బాగా రావాలంటే పదివేల గంటల సాధన కావాలని ఎక్కడ చూసినా అంటారు. రోజుకి గంట చొప్పున లెక్క వేస్తే 27 ఏళ్లు పైనే. అంటే నాకు 70 వచ్చాక! నాకు కచేరీలు చెయ్యాలని లేదండీ. ఓ నాలుగు కీర్తనలు శ్రుతి తప్పకుండా వాయించుకోగలిగితే చాలు. పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్లు నిజంగా ఎంతసేపు సాధన చేస్తున్నారు? గంట కుదరకపోతే అసలు దండగేనా?

పిల్లనగ్రోవి:
నాది ఫ్లూట్. రోజూ పావుగంట, బుద్ధి పుడితే ఇంకాస్త. పెట్టెలో దాచకుండా కళ్ల ముందు పెట్టుకున్నాకే రోజూ వాయించడం అలవాటైంది. మీ పిల్లలు మరీ చిన్నవాళ్లైతే మాత్రం వయొలిన్‌తో ఆ పని చెయ్యకండి.

శ్రుతిపెట్టె:
నేను వయొలిన్ నేర్పుతాను. నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా ముప్పై దాటినవాళ్లే, కాబట్టి ఈ ప్రశ్న నెలకోసారైనా వింటాను.

ముందు ఆ పదివేల సంగతి. అండర్స్ ఎరిక్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరో ఇద్దరు కలిసి 1993లో బెర్లిన్ సంగీత విద్యార్థుల మీద ప్రచురించిన పరిశోధనలోంచి వచ్చిన అంకె అది. అక్కడ అందరికంటే బాగా వాయించే వయొలిన్ విద్యార్థులు 20 ఏళ్ల వయసుకి సగటున అన్ని గంటలు సాధన చేశారట. వాళ్లు దాన్నే వృత్తిగా చేసుకోబోయేవాళ్లు. మీ నాలుగు కీర్తనలకి ఆ లెక్కతో పనేముంది? అదే పరిశోధనలో ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. ఆ పిల్లలు కూడా ఏకబిగిన గంటల తరబడి వాయించలేదు. మధ్యలో విరామాలు తీసుకుంటూ విడతలుగా చేశారు, పగలు ఓ కునుకు కూడా తీసేవాళ్లు.

ఇక మీ ఆదివారం. ఒకే వరసని ఒకే పూట వందసార్లు వాయిస్తే ఆ పూటకి వేలు చోటు గుర్తుపెట్టుకుంటుంది. అది మీ చేతికి వచ్చిందో లేదో మర్నాడు మొదటిసారి వాయించినప్పుడు గానీ తెలియదు. మధ్యలో ఓ నిద్ర పడాలి, కొంచెం మర్చిపోవాలి, మళ్లీ వెతుక్కోవాలి. అలా వెతుక్కుంటున్నప్పుడే వేలికి దారి పడుతుంది. ఆ మూడు గంటల్నే ఆరు రోజులకి అరగంట చొప్పున పంచి చూడండి. అదనంగా ఒక్క నిమిషం కూడా పెట్టక్కర్లేదు.

అయితే ఆ అరగంటలో ఏం చేస్తారన్నది నాకు ఇంకా ముఖ్యం. పెద్దవాళ్లు కూర్చోగానే మొదటి సరళీ స్వరం నుంచి వరసగా అన్నీ అప్పజెప్తారు. వచ్చినవి హాయిగా సాగిపోతాయి, రాని చోటికి వచ్చేసరికి టైం అయిపోతుంది. ఈ తొలి పాఠాలు నేర్పే రాగం మాయామాళవగౌళే తీసుకోండి. రి సా పక్కనే ఉంటుంది, గ బాగా దూరం, మ మళ్లీ గ పక్కనే. చూపుడువేలు రి మీద ఉండగా మధ్యవేలు గాంధారం (గ) దాకా చాచాలి. అక్కడే వేళ్లు మొరాయిస్తాయి, గాంధారం కాస్త తగ్గి పలుకుతుంది. అలంకారం మొత్తం పదిసార్లు వాయిస్తే ఆ తగ్గిన గాంధారాన్ని పదిసార్లు సాధన చేసినట్టే! రి గ మ మూడే తీసుకుని, శ్రుతికి తంబూరా యాప్ పెట్టుకుని, మొదటి కాలం (పాఠం మొదలుపెట్టే నెమ్మది వేగం) కంటే కూడా నెమ్మదిగా ఐదు నిమిషాలు వాయించండి. దీనిలో ఇంకో లాభం కూడా ఉంది. పక్కనున్న పా తీగ మీద ద ని స మధ్య కూడా సరిగ్గా ఇవే దూరాలు. ఒక తీగ మీద కుదిరిందంటే రెండోదానికి సగం పని తగ్గుతుంది.

నేను నా వాళ్లకి చెప్పేది ఇది. మొదటి ఐదు నిమిషాలు వేళ్లు పెట్టకుండా సా, పా తీగల మీద నిండు బో, బరబరలాడకుండా. తర్వాత ఓ పదిహేను నిమిషాలు క్లాసులో తప్పిన చోటు, ఒకే ఒక్క చోటు. మిగతాది మీ ఇష్టం, సినిమా పాటైనా సరే. ఆ చివరిది మాత్రం ఎగ్గొట్టొద్దు. నా దగ్గర మానేసినవాళ్లలో చాలామంది సరదా పోయే మానేశారు.

రాత్రి పూటకి, బ్రిడ్జి (తీగల్ని ఎత్తి పట్టే చిన్న చెక్క) మీద తగిలించే ప్రాక్టీస్ మ్యూట్ దొరుకుతుంది. శబ్దం బాగా తగ్గుతుంది. రోజూ దానితోనే వాయిస్తే వినపడక బో గట్టిగా నొక్కే అలవాటు పడుతుంది, వారంలో రెండు రోజులైనా తీసేసి వాయించండి. అదీ కుదరని రోజు తాళం వేసుకుంటూ స్వరాలు పాడుకోండి. గొంతులో లేని గాంధారం వేలికి ఎక్కడ దొరుకుతుంది?

రెండోకాలం:
అరగంట దగ్గరే నాకు పేచీ. అలంకారాలకి చాలు, ఒప్పుకుంటాను. వర్ణం (ఈ స్వర పాఠాల తర్వాత వచ్చే పెద్ద రచన) దాకా వచ్చాక రెండు కాలాల్లోనూ ఆపకుండా వాయించాలంటే వీపు, భుజం కూడా తయారవ్వాలి. ముక్కలు ముక్కలుగా సాధన చేసేవాళ్లు ముక్కలే వాయించగలరు. నేను వారానికోసారి గంటన్నర కూర్చుంటాను, ఎక్కడ తప్పినా ఆగను.

శ్రుతిపెట్టె:
@రెండోకాలం, వర్ణానికి మీరన్నది నిజమే. ఆగకుండా వాయించడం కూడా విడిగా నేర్చుకోవాల్సిందే. ఆయన ఇంకా అలంకారాల్లో ఉన్నారు కదా, అప్పటిదాకా తొందర లేదు. రోజూ వాయించడం పోకుండా ఆదివారం ఇంకో గంట కలిస్తే నాకు సంతోషమే.

కొత్తబో:
చాలా థ్యాంక్స్ అండీ. ఇవాళ్టి నుంచి రి గ మ. ఇంకో సంగతి, అరగంట దాటితే ఎడమ బొటనవేలు, మణికట్టు లాగుతున్నాయి. అలవాటయ్యేదాకా ఓర్చుకోవాలా?

శ్రుతిపెట్టె:
వద్దు, ఆపేయండి. తీగల వల్ల వేలికొసలు మండితే అది మామూలే, కొన్నాళ్లకి చర్మం గట్టిపడుతుంది. బొటనవేలు, మణికట్టు, మెడ లాగినా, తిమ్మిరెక్కినా అక్కడితో చాలించాలి. వయొలిన్ తల కుడి పాదం మీద ఆని ఉందా లేదా ముందు చూసుకోండి. అక్కడ ఆనకపోతే బరువంతా ఎడమ చేతి మీద పడి, జారిపోకుండా బొటనవేలితో బిగించి పట్టుకుంటారు. రేపు క్లాసులో మీ కూర్చునే తీరు ఒకసారి చూడమని గురువుగారిని అడగండి. అప్పటికీ తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి.

కొత్తబో:
అడుగుతాను. మ్యూట్ రబ్బరుదా, లోహపుదా?

శ్రుతిపెట్టె:
రబ్బరుదే. లోహపుది శబ్దం ఇంకా తగ్గిస్తుంది గానీ, ఊడి పడితే పై చెక్క మీద గాటు పడుతుంది.