చక్కెర మానే గ్రూపుల్లో "ఈరోజు ఎన్నో రోజు" అనే లెక్క ఉండాలా, వద్దా?

మెల్లమెల్లగా:
అందరికీ నమస్తే. ముందే చెప్తున్నా, ఇది డయాబెటిస్ గురించి కాదు. తీపి తిన్న గంటలోపే నీరసం, చిరాకు, మళ్ళీ తీపే కావాలనిపించడం, ఒక బిస్కెట్‌తో ఆపలేక ప్యాకెట్ ఖాళీ అయ్యేదాకా తింటూ పోవడం, ఆ తర్వాత రోజంతా ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం, ఈ బాధ ఉన్నవాళ్ళ గురించి. దీన్నే చాలామంది షుగర్ సెన్సిటివిటీ అంటున్నారు. తిండి, నిద్ర సరిచేసుకుంటూ ఇందులోంచి బయటపడాలని ఒకరికొకరు తోడుండే గ్రూపులున్నాయి కదా, అలాంటి ఒక గ్రూపులో నేను చాలాకాలం ఉన్నాను. మంచి మనుషులు, అందులో డౌట్ లేదు. కానీ అక్కడ పొద్దున్నే అందరూ చక్కెర మానేసి ఎన్నో రోజో నంబర్ పెట్టాలి, ఎప్పుడైనా తింటే మళ్ళీ సున్నా నుంచి మొదలు. ఒకావిడ రోజూ అందరికంటే ముందు పెట్టేది, కొత్తవాళ్ళకి ఓపిగ్గా జవాబులు చెప్పేది. కూతురి పుట్టినరోజున ఒక కేక్ ముక్క తిని మర్నాడు నిజాయితీగా "0" అని పెట్టింది. కింద అందరూ "పర్లేదు, మళ్ళీ మొదలుపెట్టండి" అనే రాశారు, ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా ఆవిడ ఆ రోజు తర్వాత మళ్ళీ రాలేదు.

అందుకే అడుగుతున్నా, ఈ లెక్క మనకి సాయం చేస్తోందా, లేక పడిపోయినవాళ్ళని బయటికి నెట్టేస్తోందా? నాకైతే తీసేయాలనే ఉంది. లెక్కపెట్టాలంటే మానేసిన రోజులు కాదు, టైంకి తిన్న భోజనాలు లెక్కపెట్టాలి అంటాను.

ఒకే_మాట:
మీ బాధ అర్థమైంది గానీ నేను ఒప్పుకోనండి. నన్ను నిలబెట్టింది ఆ నంబరే. "కొంచెం తిను, మితంగా తిను" అని ఇంట్లోవాళ్ళు ఏళ్ళ తరబడి చెప్పారు, నాకు ఆ మితం అనేది ఎప్పుడూ కుదరలేదు. రోజుకి ఇరవైసార్లు "ఇప్పుడు తిననా, వద్దా" అని నాతో నేను బేరమాడుకోవడం కంటే "తినను" అని ఒక్కసారి తేల్చేసుకోవడం నాకు చాలా ఈజీ. బేరం ఉన్నంతసేపు బుర్రలో తీపే తిరుగుతుంటుంది, తేల్చేశాక ఆ చోటు ఖాళీ అయిపోయింది, పని మీద ధ్యాస పెట్టగలిగాను, పిల్లల మీద అరవడం తగ్గింది. తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ ఎనానిమస్ 1935లో మొదలైంది, తిండి విషయంలో ఓవరీటర్స్ ఎనానిమస్ 1960లో లాస్ ఏంజెలిస్‌లో మొదలైంది, ఇన్నేళ్ళుగా ఇంతమంది అదే దారిలో నిలబడ్డారంటే అందులో ఏదో ఉన్నట్టే కదా. సున్నా పెట్టడానికి భయమేస్తుంది, నిజమే, ఆ భయమే నన్ను రాత్రిపూట ఫ్రిజ్ దగ్గరికి పోనివ్వలేదు.

ఎలుకలు_మనుషులు:
ఓవరీటర్స్ ఎనానిమస్ మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. వాళ్ళు అందరికీ ఒకే లిస్టు ఇచ్చి ఇది తినొద్దు అని చెప్పరు, కంట్రోల్ తప్పి తినడం ఆపడం వాళ్ళ లక్ష్యం, తిండి ప్లాన్ ఎవరిది వాళ్ళే వేసుకోవాలి. చక్కెర ఒక్క గ్రాము తగిలినా సున్నా అనే రూల్ గ్రూపులు తర్వాత తమకి తాము పెట్టుకున్నదే.

ఇక అసలు చక్కెర డ్రగ్ లాంటిదా అనేది. ఈ మాట ఎక్కువగా ఎలుకల ప్రయోగాల నుంచి వచ్చింది. 2000 తర్వాత ప్రిన్స్‌టన్‌లో చేసిన ఆ ప్రయోగాల్లో ఎలుకల్ని రోజూ 12 గంటలు తిండి లేకుండా ఉంచి ఆ తర్వాత చక్కెర నీళ్ళు, మేత ఇచ్చారు, అవి గబగబా తాగేవి, మత్తుపదార్థాల ప్రభావాన్ని అడ్డుకునే మందు ఇస్తే వణికేవి, పళ్ళు కొట్టుకునేవి. కానీ 2016లో వచ్చిన ఒక రివ్యూలో ఈ పరిశోధనలన్నీ కలిపి చూసి తేల్చిందేంటంటే, ఎలుకల్లో ఆ వ్యసనం లాంటి ప్రవర్తన ఇలా ఆకలితో మాడ్చి మధ్యమధ్యలో చక్కెర ఇచ్చినప్పుడే కనబడింది, మనుషుల్లో చక్కెర వ్యసనం ఉందనడానికి ఆధారం చాలా తక్కువ. మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే పుస్తకం డీఎస్ఎం-5 అని 2013లో వచ్చింది, అందులో కూడా చక్కెర వ్యసనం అనే జబ్బు లేదు, బింజ్ ఈటింగ్ డిజార్డర్ (ఆపుకోలేక ఒకేసారి బోలెడంత తినేసే జబ్బు) ఉంది. ఎలుకల విషయం మనకి అచ్చంగా వర్తిస్తుందని అనట్లేదు, కానీ పొద్దున తినకుండా మధ్యాహ్నం దాకా లాగి అప్పుడు తీపి మీద పడేవాళ్ళు ఒకసారి ఆలోచించండి, సమస్య చక్కెరలోనే ఉందా, ముందు మాడిన ఆ గంటల్లో ఉందా?

ఒకే_మాట:
అంటే నాకు ఉన్నది ఊహ అంటారా? నేను పడింది నాకు తెలుసు.

ఎలుకలు_మనుషులు:
అస్సలు అనట్లేదండి. మీరు పడ్డ బాధ నిజం, దానికి పెట్టిన పేరు గురించే నా డౌట్. తీపి తిన్నాక నీరసం అన్నారు చూడండి, అది పరిశోధనలో కూడా కనబడింది. 2019లో 31 స్టడీలు కలిపి చూస్తే కార్బోహైడ్రేట్లు తిన్నాక మూడ్ బాగుపడటం ఏమీ లేదు, అరగంటలోపు అలసట పెరిగింది, గంటలోపు చురుకు తగ్గింది. కాబట్టి మీ ఒళ్ళు మీకు అబద్ధం చెప్పట్లేదు. కానీ అదే ఏడాది అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో 20 మందిని నాలుగు వారాలు అక్కడే ఉంచి రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలు తిండి పెట్టారు. వాళ్ళకి వడ్డించిన భోజనాల్లో చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండిట్లో సమానంగానే ఉండేలా చూశారు, ఎంత కావాలంటే అంత తినొచ్చు. ప్రాసెస్ చేసిన తిండి ఉన్నప్పుడు రోజుకి దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. చక్కెర సమానమైనప్పుడు కూడా తేడా వచ్చిందంటే చక్కెర ఒక్కదాన్నే దొంగని చేసి మిగతావాటిని వదిలేయడం కరెక్ట్ కాదు.

కంచం_ముందు:
డైటీషియన్‌గా పనిచేస్తున్నా, బింజ్ సమస్యతో వచ్చేవాళ్ళని రోజూ చూస్తాను కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నా, ఏమనుకోకండి.

బింజ్ ఈటింగ్‌కి బాగా పనిచేస్తుందని తేలిన కౌన్సెలింగ్ కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనల్ని, అలవాట్లని గమనించి మార్చుకునే పద్ధతి. అందులో తిండికి సంబంధించి మొదట చేయించేది ఏదీ మాన్పించడం కాదు, మూడు పూటలా భోజనం, మధ్యలో ముందే అనుకున్న చిన్న తిండి, మెలకువగా ఉన్నప్పుడు నాలుగు గంటలకి మించి గ్యాప్ రాకుండా. తిన్నది తిన్నప్పుడే రాసుకోవాలి. షుగర్ సెన్సిటివిటీ గ్రూపుల్లో మంచివి కూడా ఇదే వరస చెప్తాయి, ముందు లేచిన గంటలోపు ప్రొటీన్ ఉన్న టిఫిన్, తర్వాత డైరీ, తర్వాత మూడు పూటలు, చక్కెర తగ్గించడం చిట్టచివర్న. ఆ వరస నాకు చాలా నచ్చుతుంది. చిక్కెక్కడొస్తుందంటే జనం మొదటి మెట్లు దాటేసి నేరుగా చివరి మెట్టు మీదకి దూకుతారు, ఆ నంబర్ కూడా వాళ్ళని అటే తోస్తుంది, ఎందుకంటే టిఫిన్ తిన్నానని పెట్టడానికి అక్కడ చోటు లేదు.

ఒకరి డైరీలో ఒక రోజు ఇలా ఉంది, ఆవిడ అనుమతితోనే పెడుతున్నా. "7:30 కాఫీ. 11 కాఫీ. 1:30 సలాడ్ సగం, మీటింగ్. 4:15 చేతులు వణుకు, ఏడుపొస్తోంది, డ్రాయర్‌లో చాక్లెట్ మొత్తం. 9:40 ఇంట్లో ఏది దొరికితే అది." ఆవిడ నాకు చూపించింది 4:15 దగ్గర లైను, "ఇక్కడ నేను ఓడిపోయాను" అంది. నేను 7:30 మీద వేలు పెట్టాను. చక్కెర గురించి ఒక్క మాట మాట్లాడకుండా పొద్దున రెండు గుడ్లు, బ్రెడ్డు, మధ్యాహ్నం బీన్సో చికెనో ఉన్న నిండు భోజనం, మూడున్నరకి గుప్పెడు నట్స్, ఒక పండు, ఇంతే పెట్టాం. సాయంత్రం తీపి కోరిక పూర్తిగా పోలేదు, కానీ డ్రాయర్ తెరిచినా రెండు ముక్కలు తిని మూయగలిగింది.

ఇంకోటి, ఇది మాత్రం దయచేసి అన్ని గ్రూపుల్లో పైన పెట్టండి. వణుకు, చెమట, గుండె దడ వచ్చిన ప్రతిసారీ షుగర్ సెన్సిటివిటీ అనుకోకండి. నిజంగా గ్లూకోజ్ పడిపోతోందా లేదా తెలియాలంటే ఆ లక్షణాలు ఉన్న టైంలోనే టెస్ట్ చేసి తక్కువ ఉండాలి, అది పెరిగాక లక్షణాలు పోవాలి. థైరాయిడ్, యాంగ్జైటీ, ఎక్కువ కాఫీ కూడా అచ్చం అలాగే అనిపిస్తాయి, డాక్టర్‌కి చూపించుకోండి. ఇన్సులిన్ గానీ కొన్ని రకాల డయాబెటిస్ మాత్రలు గానీ వాడేవాళ్ళకి గ్లూకోజ్ 70 కంటే కిందకి పడితే వెంటనే 15 గ్రాముల చక్కెర తీసుకుని 15 నిమిషాలకి మళ్ళీ చూసుకోవాలి. అప్పుడు అది మందు. నంబర్ పోతుందని ఎవరైనా ఆ చక్కెర తీసుకోవడానికి వెనకాడితే ప్రాణాల మీదకొస్తుంది.

రాత్రి_డ్యూటీ:
తిండి గురించే మాట్లాడుతున్నారు, నిద్ర సంగతి ఎవరూ ఎత్తట్లేదు. నేను నర్సుని, నైట్ చేసొచ్చిన పొద్దున నాకు తీపి తప్ప ఏదీ సహించదు, బాగా నిద్రపోయిన రోజు అదే చాక్లెట్ టేబుల్ మీదున్నా పట్టదు. 2004లో 12 మంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళని రెండు రాత్రులు 4 గంటలే పడుకోనిచ్చి చూస్తే కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి పెంచే గ్రెలిన్ 28 శాతం పెరిగింది, తీపి, ఉప్పు, పిండి పదార్థాల మీద కోరిక బాగా పెరిగింది. చిన్న స్టడీనే, కానీ నా ఒంటితో నాకు సరిపోయింది. నిద్ర లేని మనిషిని "ఎన్నో రోజు" అని అడగడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావమ్మా అని అడగండి ముందు.

బొట్టు_బొట్టు:
మరి తేనె, జ్యూస్ సంగతేంటి? మా గ్రూపులో చక్కెర తింటే సున్నా, తేనె తాగితే పర్లేదు. డబ్ల్యూహెచ్ఓ 2015లో చెప్పిన, తగ్గించాల్సిన ఫ్రీ షుగర్స్‌లో తేనె, పళ్ళరసం కూడా వస్తాయి, మొత్తం కేలరీల్లో 10 శాతం లోపు, వీలైతే 5 శాతం లోపు అంటే పెద్దవాళ్ళకి రోజుకి ఇంచుమించు 25 గ్రాములు. 355 మిల్లీలీటర్ల కోలా డబ్బా ఒక్కటి తాగితేనే 39 గ్రాములు. రోజుల బదులు గ్రాములు రాసుకుంటే నయం కదా?

మెల్లమెల్లగా:
@బొట్టు_బొట్టు మొత్తంగా ఎంత తింటున్నామో తెలుసుకోవడానికి పనికొస్తుందండి, కూల్‌డ్రింక్ ఆపితే ఎంత తేడానో ఆ 39 చూస్తేనే తెలిసిపోతుంది. కానీ బింజ్ అలవాటు ఉన్నవాళ్ళ చేతికి గ్రాముల లెక్క ఇస్తే ఇంకో రకం సున్నా తయారవుతుందని నా భయం.

ఒకే_మాట:
అన్నీ చదివాను. కంచం_ముందు గారు చెప్పిన 15 గ్రాముల విషయం ఈరోజే మా గ్రూపులో పెడతాను, దాని మీద వాదనే లేదు. కానీ నా వైపు కూడా ఒక మాట ఉంది. మూడు నెలలు చక్కెర బాగా తగ్గించినవాళ్ళకి అదే పుడ్డింగ్ మామూలుగా తినేవాళ్ళ కంటే దాదాపు 40 శాతం ఎక్కువ తియ్యగా అనిపించిందని 2016లో ఒక స్టడీ వచ్చింది. నాకూ అంతే జరిగింది, ఇప్పుడు క్యారెట్ తియ్యగా ఉంటుంది. నాలుక మారడానికి టైం పడుతుంది, ఆ టైం గడిచేదాకా మనిషిని పట్టి ఉంచేది ఏదో ఒకటి కావాలి. రోజూ పొద్దున్నే నా నంబర్ కోసం ఎదురుచూసేవాళ్ళు ఉన్నారు అనే ధ్యాస నన్ను పట్టి ఉంచింది. దాన్ని తీసేసి నాకేం ఇస్తారు?

మెల్లమెల్లగా:
మంచి ప్రశ్న అడిగారు అక్కా. నాకు అర్థమైందేంటంటే మిమ్మల్ని పట్టి ఉంచింది ఆ ఎదురుచూసే మనుషులు, నంబర్ వాళ్ళని కలిపే సాకు. ఆ మనుషుల్ని ఉంచుదాం. లండన్‌లో 96 మంది మీద చేసిన ఒక స్టడీ 2010లో వచ్చింది, ఒక కొత్త అలవాటు ఒంటబట్టడానికి సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18, కొందరికి 254 దాకా లెక్కకొచ్చింది. నాకు అందులో ముఖ్యమనిపించింది ఏంటంటే మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పడటంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే ఒక కేక్ ముక్కతో అంతకుముందు కట్టుకున్నదంతా కూలిపోదు, దాన్ని సున్నా అని రాయించడం అబద్ధం రాయించడమే.

ఒకే_మాట:
ఆ స్టడీ నాకు తెలీదు. సరే, అయితే సున్నా తీసేయండి, లెక్క తీసేయకండి. మొత్తం ఎన్ని రోజులు గడిచాయో అది పెరుగుతూనే ఉండాలి, తప్పిన రోజు ఒక్కటి పక్కకి పెట్టి మర్నాడు అక్కడి నుంచే ముందుకి. ఇంతకంటే నేను దిగను.

కంచం_ముందు:
ఇది నాకు నచ్చింది. ఇంకొక్కటి కలపండి, ఎవరైనా తప్పిన రోజు "పర్లేదు, మళ్ళీ మొదలుపెట్టండి" అనే బదులు "నిన్న టిఫిన్ ఎప్పుడు తిన్నారు, రాత్రి ఎంతసేపు పడుకున్నారు" అని అడగండి. ధైర్యం చెప్తే మనసు కుదుటపడుతుంది, ఆ రెండు ప్రశ్నలు అడిగితే కారణం దొరుకుతుంది.

కొత్తగా_వచ్చా:
అందరికీ హాయ్, ఇప్పుడే చదవడం అయింది. నాది అచ్చం ఆ 4:15 కేసే. పొద్దున ఏం తినబుద్ధి కాదు, వాంతి వచ్చినట్టుంటుంది, అలాంటివాళ్ళు టిఫిన్ ఎలా మొదలుపెట్టాలి?

కంచం_ముందు:
రాత్రి లేటుగా ఎక్కువ తింటే పొద్దున అలాగే ఉంటుందమ్మా, రెండూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. పెద్ద ప్లేట్ పెట్టుకోవద్దు, ఈ వారం సగం కప్పు చప్పటి పెరుగో ఒక ఉడికించిన గుడ్డో చాలు, కాఫీ దాని తర్వాత తాగు. సాయంత్రం తీపి తినాలనిపిస్తే తిను, ఇప్పుడే మానకు. రెండు వారాలైనా ఆ వికారం తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకో.

ఒకే_మాట:
@కొత్తగా_వచ్చా రేపు పొద్దున తిన్నాక ఇక్కడ "తిన్నా" అని ఒక్క ముక్క పెట్టు, నేను చూస్తాను. తినకపోయినా పెట్టు.